కాలవ వైపు ముఖం

పాలకొల్లు బజారులో మా శెట్టిగారి పచారీ కొట్టు మొదటిసారి చూసినవాళ్ళకి ఒక అనుమానం వచ్చేది. వీధివైపు ఇంత ఇరుకు వాకిలి పెట్టి, పెరటివైపు అంత పెద్ద గుమ్మం ఎందుకు కట్టారా అని. వీధిలోంచి చూస్తే మామూలు కొట్టే. మూడు మెట్లు, అరుగు, అరుగుమీద ఉప్పు బస్తా, పైన మేడ. పక్కసందులోంచి వెనక్కి వెళ్తే మాత్రం, నలుగురు మనుషులు బస్తాలెత్తుకుని పక్కపక్కన నడిచి లోపలికి పోగలిగినంత గుమ్మం, దాని ముందు రాతిమెట్లు, మెట్ల కింద కాలవ. అసలు సంగతేమిటంటే ఆ కొట్టుకి ముఖం అదే. వీధిలో నిలబడి మేమంతా ఏళ్ళ తరబడి చూసింది దాని వీపుని.

రైలు రాకముందు కట్టిన కొట్టది. అప్పట్లో సరుకంతా నీళ్ళమీద రావాల్సిందే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవలు పొలాలు తడపడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి నీటి రవాణా అంటే మహా పట్టుదల. అందుకే దారి పొడుగునా ఆ లాకులు. విజ్జేశ్వరం దగ్గర గోదావరిలోంచి విడిపోయిన నీళ్ళు నరసాపురం కాలవ పట్టుకుని మా ఊరిమీదుగా సముద్రం వైపు పోతాయి. వ్యాపారం మా ఊరికి కాలవతోనే వచ్చిందనుకునేరు, 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్ళు ఇక్కడ మకాం పెట్టి బట్టలు కొని ఓడలకెక్కించారు. అయితే అది ఊళ్ళోంచి బయటికి పోయే వ్యాపారం. ఊళ్ళోవాళ్ళ వంటింట్లోకి వచ్చే వ్యాపారానికి దారి వేసింది కాలవే.

మూరన్నర మందం గోడలు. గుల్ల సున్నం గానుగలో ఆడించి కట్టినవి. దూలాలు టేకువి. భద్రాచలం వైపు అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి గోదావరిలో వదిలేవారు, కిందికొచ్చాక కాలవల్లోకి మళ్ళించేవారు. అంటే సరుకే కాదు, సరుకు పెట్టుకునే ఇల్లు కూడా నీళ్ళమీదే వచ్చిందన్నమాట.

వీధివైపు తలుపు రెక్కల తలుపు కాదు. కింద గడపలోనూ పైన దూలంలోనూ గాడి చెక్కి, అందులో 11 టేకు పలకలు ఒకదాని పక్కన ఒకటి దింపేవారు. తెల్లారగానే గుమాస్తా చివరి పలకతో మొదలుపెట్టి తీసుకుంటూ వచ్చేవాడు, రాత్రి మొదటి పలక నుంచి పెట్టుకుంటూ పోయేవాడు. వరస తప్పితే పలక గాడిలో దిగదు. అందుకని ప్రతి పలకమీదా తెలుగంకె చెక్కారు. బడిలో మాకు నేర్పినవి 1, 2, 3లే. ౧, ౨, ౩ నేను ఆ పలకలమీద నేర్చుకున్నాను. ఏడో పలకకి మాత్రం అంకె లేదు, అది మామిడిచెక్క. అసలు పలకని ఎవరింట్లోనో పెళ్ళికి వంటవాళ్ళు కూరలు తరుక్కోడానికి పట్టుకెళ్ళి తిరిగివ్వలేదట. పుస్తకంలో రాయని బాకీ ఊళ్ళో అదొక్కటేనని శెట్టిగారు అనేవారు.

నేను ఆ కొట్టుకి తిరిగింది 1960ల్లో. మా నాన్నగారు లెక్కల మాస్టారు. మాకు సెంటు భూమి లేదు. గోదావరి జిల్లాలో ‘బియ్యం కొనుక్కు తినేవాళ్ళు’ అనడం తిట్టు కాదు గానీ గౌరవం కూడా కాదు. ఉన్నవాళ్ళకి గింజలు గాదెలోంచి వస్తాయి, కొట్టు నుంచి రావు. మాకు బియ్యంతో సహా అన్నీ కొట్టు నుంచే. పొద్దున్నే అమ్మ పద్దుపుస్తకం చేతికిచ్చి పంపేది. డబ్బులిచ్చి పంపిన రోజులు తక్కువ. జీతం రాగానే నాన్నగారు వెళ్ళి లెక్క చూసుకుని కట్టేవారు. రైతులకైతే నెలకాదు గడువు, పంట. సార్వా నూర్పిళ్ళయ్యాక ఓసారి, దాళ్వా వేసినవాళ్ళు అదయ్యాక ఓసారి. కూలివాళ్ళకి ఏ పూటకాపూటే, గిద్దెడు నూనె, చారెడు చింతపండు. వాళ్ళకి అప్పు దొరకడం కష్టం, దొరికితే దాని వడ్డీ మిగతావాళ్ళకన్నా ఎక్కువ. ఆ రోజుల్లో కొట్లు ధర్మసత్రాల్లా ఉండేవని ఈమధ్య చాలామంది రాస్తున్నారు. మా శెట్టిగారు మంచివారే. కానీ పుస్తకంలో ఎవరి పేజీ ఎక్కడుండేదో, ఎవరి అంకె ఎలా పెరిగేదో చూసినదాన్ని, సత్రం అని మాత్రం అనలేను.

పుస్తకాలు రెండు. ఏ రోజుది ఆ రోజు రాసేది చిట్టా, దాన్ని మనిషి మనిషికీ విడగొట్టి ఎక్కించేది ఆవర్జా. గుమాస్తా చిట్టా రాసేవాడు, ఆవర్జా శెట్టిగారి చేతిదే. గల్లాపెట్టె ముందు పరుపుమీద మఠం వేసుక్కూర్చుని, వెనక గోడకి పెనుగొండ వాసవీ అమ్మవారి పటం. పెనుగొండ మాకు దగ్గరే. ఏడాదికోసారి ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చేవారు, ఆ రోజొక్కటే కొట్టు కట్టేసేవారు. దసరాల్లో అమ్మవారిని నోట్లతో అలంకరించే రోజున మాత్రం పిల్లలందర్నీ గుడికి రమ్మని చెప్పి పంపేవారు.

కొలిచేటప్పుడు ఒకటి అనరు. ‘లాభం’ అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. మినుములు మానికతో కొలుస్తూ గుమాస్తా రాగం తీస్తుంటే, మధ్యలో ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పడు, ఆ అంకెనే గట్టిగా పలుకుతూ నిలబడిపోతాడు. ‘ఆరూ... ఆరూ... ఉండండి బాబూ, వత్తన్నానండి, ఆయ్... ఆరూ...’ ఇలా.

కొట్టు మధ్య దూలానికి ఇనపకొక్కెం ఉండేది, దానికి పెద్ద కాటా. బస్తాలు తూచేది అక్కడ. చిల్లర తూకానికి చేతి తక్కెడ. నాకు ఊహ తెలిసేటప్పటికి కొట్టులో రెండు రకాల రాళ్ళున్నాయి. తూకాలు మార్చాలని ప్రభుత్వం 1956లో చట్టం చేసింది, 1958 నుంచి ఒక్కో చోటా ఒక్కో సరుక్కీ అమలు చేసుకుంటూ వచ్చింది, 1962 ఏప్రిల్ 1 నుంచి పాత తూకాలు చెల్లవంది. కాగితంమీద అంతే. మా బజారులో అంతకి ఎన్నో రెట్లు పట్టింది. వీశె, పదలం, ఏబలం అడిగే నోళ్ళు కేజీ అనడానికి ఒప్పుకోలేదు. వీశె అంటే 120 తులాలు, దరిదాపు ఒక కేజీ 400 గ్రాములు. ‘వీశెడు కందిపప్పు’ అని అడిగితే శెట్టిగారు కేజీ రాయీ, రెండు 200 రాళ్ళూ వేసి తూచేవారు. ఆ మూడు రాళ్ళు చూసి ముసలమ్మలకి అనుమానం. పాతరాయి ఒక్కటి వేస్తే సరిపోయేదానికి ఇన్ని వేస్తున్నాడంటే ఏదో మతలబుందని. ఆఖరికి మా నాన్నగారిని బతిమాలి ఒక పట్టీ రాయించుకుని గోడకి తగిలించారు. చదవడం వచ్చినవాళ్ళకి ఆ పట్టీ అక్కర్లేదు, రానివాళ్ళకి పనికిరాదు. అయినా ఆ పట్టీ పెట్టాక గొడవలు తగ్గాయి. మాస్టారు రాశారు కాబట్టి నిజమే అయ్యుంటుందని.

కొత్త రాళ్ళు ఆరుపలకలవి, అడుగున సీసం నింపి దానిమీద ఇనస్పెక్టరు ముద్ర. పాతవి గుండ్రాలు. వీశెరాయి మా కళ్ళముందే తూకం నుంచి దిగి, గాలికి పుస్తకం రెపరెపలాడకుండా పెట్టుకునే బరువైంది. పెద్దవి రెండు తలుపు కొట్టుకోకుండా ఓరగా పెట్టారు. కొత్త తూకం వచ్చినా పాత సగాలూ పావులూ పోలేదు. అర్ధపావు అంటే 125 గ్రాములు. అలాంటి రాయి ఒక్కటీ లేదు. 100, 20, 5 కలిపి వెయ్యాలి. పొద్దుటిపూట రద్దీలో ఎవడు వెతుకుతాడు, 5 గ్రాముల రాయి గోరంత ఉంటుంది, పప్పుల్లో పడితే దొరకదు. అందుకని గుమాస్తా 100, 20 వేసి, పైన చిటికెడు కొసరు వేసేవాడు.

కొసరు అనేది ఆ కొట్టుకి సగం పేరు తెచ్చింది. పెద్దవాళ్ళకి తూకంలో కొసరు, పిల్లలకి చేతిలో కొసరు. బెల్లం ముక్క, గుప్పెడు పుట్నాలు, ఎండుకొబ్బరి చెక్క. ఇదీ దానం కాదులెండి. నాలుగు కొట్లు దాటుకుని పిల్లలు ఈ కొట్టుకే పరిగెత్తుకు రావడానికి కారణం అదే, శెట్టిగారికి ఆ సంగతి మాకన్నా బాగా తెలుసు. ‘పంతులుగారమ్మాయికి బెల్లం పెట్టావుట్రా?’ అని గుమాస్తాని పైకే అడిగేవారు, మా ఇంటిదాకా వినపడేలాగ.

పొట్లాలు కట్టేది పాత కాగితాల్లో. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆపైన బళ్ళలోంచి తూకానికొచ్చిన పరీక్ష కాగితాలు. ఈ ఆఖరివాటితోనే వచ్చింది చిక్కంతా. మా వీధిలో ఒక పిల్లాడి క్వార్టర్లీ లెక్కల కాగితం ఎండుమిరపకాయల పొట్లమై వాళ్ళ పక్కింటికే వెళ్ళింది. ఎర్రసిరాతో 7 మార్కులు. దిద్దింది మా నాన్నగారే. సాయంత్రానికి వీధంతా ఆ అంకె తెలిసిపోయింది. ఆ తరవాత చాలాకాలం ఆ పిల్లాడి తల్లి మా అమ్మతో మాట్లాడలేదు, శెట్టిగారి కొట్టులో మిరపకాయలు కొనలేదు.

కొట్టు పైకప్పులో పలకల మధ్య జానెడు చదరం కన్నం ఉండేది. దానికి సరిగ్గా పైన మేడలో శెట్టెమ్మగారి మంచం. మొదట దేనికి పెట్టారో గానీ, మేం ఎరిగేనాటికి అందులోంచి తాడు కట్టిన చిన్న బుట్ట దిగేది. తాళాలు, తమలపాకులు, పదకొండింటికి మజ్జిగ చెంబు. రాత్రి గల్లా లెక్క తేలాక డబ్బుసంచి అదే దారిన పైకి పోయేది. కానీ ఆ కన్నం అసలు పని వినడం. కింద ఎవరేం అడుగుతున్నారో, ఎంత అరువంటున్నారో ఆవిడకి మంచంమీద నుంచే తెలిసేది. శెట్టిగారు మొహమాటానికి సరేననబోయేలోపు పైనుంచి గొంతు వచ్చేది. ‘ఏవండీ, ఆళ్ళకి సంక్రాంతి బాకీ తీరలేదండీ.’ కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు ఆ గొంతు విని హడలిపోయేవారు. చదువు లేని ఆవిడ, ఆవర్జా మొత్తం నోట్లో ఉండేది. వ్యాపారం శెట్టిగారిదని ఊరంతా అనేది గానీ, నేననుకోవడం, ఆ కొట్టుని నిలబెట్టింది ఆ కన్నం.

వేసవిలో కాలవలు కట్టేసేవారు, మళ్ళీ జూన్‌లో వదిలేవారు. పూడిక తీయాలన్నా లాకులు బాగుచెయ్యాలన్నా నీళ్ళు ఆపాలి. పడవలమీద బతికిన రోజుల్లో కాలవ కట్టేస్తే కొట్టుకి దారి మూసేసినట్టే. కాబట్టి అంతకుముందే సరుకు నింపుకోవాలి. గుంటూరు మిరపకాయలు, దుగ్గిరాల పసుపు, అనకాపల్లి బెల్లం, ఏజెన్సీ నుంచి చింతపండు. నా చిన్నప్పటికి ఇవన్నీ లారీల్లోనే వస్తున్నాయి. కాలవమీద కొబ్బరికాయలూ వరిగడ్డీ ఇటుకలూ తప్ప పెద్దగా ఏమీ రావట్లేదు. తాడేపల్లిగూడెం నుంచి ఉల్లిపాయలు, తణుకు నుంచి పంచదార ఎప్పుడు కావాలంటే అప్పుడు గంటల్లో దిగుతున్నాయి. అయినా శెట్టిగారు మార్చి దాటకుండా వెనకగదులన్నీ కప్పుదాకా నింపేవారు. ఎందుకండీ అని మా నాన్నగారు అడిగితే, ‘కాలవ కట్టేత్తారు కదండీ’ అనేవారు. నాన్నగారు ఇంటికొచ్చి నవ్వేవారు. నాకు మాత్రం ఇప్పుడాలోచిస్తే అందులో తెలివి కూడా ఉందనిపిస్తుంది. కొత్త మిరపకాయ, కొత్త చింతపండు చవగ్గా దొరికేది ఆ నెలల్లోనే, వెంటనే ఆవకాయ రోజులు. ఆవపిండీ కారం పప్పునూనె కోసం ఊరంతా ఒకేసారి కొట్టుమీద పడేది. అలవాటు తాతలనాటిది, లాభం ఆ ఏటిది.

ఇక మెట్ల సంగతి. వీధివైపు మూడు మెట్లని చెప్పాను కదా. ఆ మూడు మెట్లమీద ఎవరెక్కడిదాకా రావచ్చో ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. మాలాంటివాళ్ళు చెప్పులు విడిచి అరుగెక్కి గల్లాపెట్టె దాకా పోయేవాళ్ళం. మోతుబరులు పరుపుమీదే కూర్చునేవారు. కూలికొచ్చే కాపుదనపు ఆడవాళ్ళు రెండో మెట్టుమీద ఆగేవారు. పేట నుంచి వచ్చినవాళ్ళు వీధిలో నిలబడి కేకేసేవారు. గుమాస్తా దిగివెళ్ళి పొట్లం అరుగు అంచున పెట్టేవాడు, వాళ్ళు డబ్బులు అక్కడే పెట్టేవారు. ఆ డబ్బులు గల్లాలో పడ్డాక మా డబ్బులతో కలిసిపోయేవి. చిన్నపిల్లని, అడిగే తోవ తెలియలేదు. వర్షంలో తడుస్తూ వాళ్ళు నిలబడితే అరుగుమీద పొడిగా నిలబడి బెల్లం నమిలాను. మా తమ్ముడు కాలేజీలో ఉండగా, వాడి క్లాసులోనే చదివే పేట కుర్రాడొకడు సరాసరి మూడు మెట్లూ ఎక్కి అగ్గిపెట్టె అడిగాడట. శెట్టిగారు తలెత్తి చూసి, ఇచ్చి, చిల్లర చేతిలో పెట్టారట. అంతే జరిగింది. అంత తేలికైన పనికి అన్నేళ్ళు ఎందుకు పట్టిందని తమ్ముడు ఇప్పటికీ అడుగుతుంటాడు. తేలిక అయింది శెట్టిగారికి. ఆ మూడు మెట్లు ఎక్కడానికి ఆ కుర్రాడు ఇంటిదగ్గర బయల్దేరినప్పటి నుంచి ఏమేమి అనుకున్నాడో మాకెవరికీ చెప్పలేదుగా.

ఇది నేను చూసింది కాదు, విన్నది. ఎందుకంటే నేను పెద్దమనిషినయ్యాక నన్ను కొట్టుకి పంపడం మానేశారు. పద్దుపుస్తకం తమ్ముడి చేతికెళ్ళింది. మా వయసు ఆడపిల్లలకి బజారు గురించి తెలిసిన చరిత్ర అంతా పన్నెండూ పదమూడేళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఆ తరవాత గుడికి పోతూ, క్షీరారామం గోపురం కనపడే మలుపు దగ్గర, వీధి అవతల నుంచి చూడ్డమే.

కాబట్టి మిగతాది తమ్ముడు చెప్పిన ప్రకారం, క్లుప్తంగా. ఎమర్జెన్సీలో నిల్వలూ ధరలూ రాసిన బోర్డు ముందు వేలాడదీయమంటే, శెట్టిగారు దాన్ని కాలవవైపు గుమ్మానికి వేలాడదీసి చీవాట్లు తిన్నారు. నిజానికి ముందు అదే కదా అని ఆయన వాదన. 1983లో రామారావుగారి రెండు రూపాయల బియ్యం వచ్చాక, బియ్యం కొనుక్కు తినేవాళ్ళలో చాలామంది కంట్రోలు కొట్టు ముందు వరస కట్టారు. పూటకి బియ్యం పూటకి అరువు అన్న బేరం అక్కడితో సన్నగిల్లింది, దాంతోపాటు పుస్తకంలో పేజీలూ తగ్గాయి. నాకైతే ఇందులో విచారించాల్సింది కనపడదు. ఆ తరవాత ప్యాకెట్లు. సబ్బుపొడి ప్యాకెట్టు, షాంపూ ప్యాకెట్టు, చివరికి మిరప్పొడి ప్యాకెట్టు. తూచేది లేదు, కట్టేది లేదు, కొసరు లేదు. ప్యాకెట్టులోంచి కొసరెలా తీస్తాం? కాటా దించేసిన కొక్కేనికి షాంపూ దండలు వేలాడదీశారు. ఇప్పుడు అదే కొక్కేనికి సీసీ కెమెరా.

శెట్టిగారు పోయాక కొడుకులు ముగ్గురూ కొట్టుని నిలువునా పంచుకున్నారు. ఒకరి వాటాలో సెల్‌ఫోన్ల షాపు. ఇంకొకరిది అద్దెకిచ్చారు, మందుల షాపు. మధ్యవాటా పెద్ద మనవడిది, వాడు మాత్రం పచారీయే నడుపుతున్నాడు, తాళాలు వేసే ఇనపషట్టరు పెట్టించి. మెట్లు తీసేసి బళ్ళు ఎక్కడానికి వాలుగా సిమెంటు పోశాడు. పెరటివైపు గుమ్మానికి ఇటుకలు పెట్టి మూసేశారు, కాలవలో చెత్త కంపు భరించలేక. మేడమీద కన్నం ఏ వాటాలో పడిందో అడగడం నాకు తోచలేదు, తమ్ముడికి చెప్పడం తోచలేదు.

ఈమధ్య తమ్ముడు వెళ్ళేసరికి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి ఉన్నాడట. మా వైపు పాత ఇళ్ళ ద్వారబంధాలూ స్తంభాలూ కొని రిసార్టులకి అమ్మే వ్యాపారం. అటకమీద పడి ఉన్న టేకు పలకల్ని కిందికి దించి, తుడిచి, అంకెలు చూసి మురిసిపోయాడు. ఆ అంకెల వల్లే రేటట. తీరా వరసగా పేర్చాక ఏడోది మామిడిచెక్కని తేలింది. సెట్టు పూర్తిగా లేదు కాబట్టి నాలుగో వంతు తగ్గించమన్నాడు. మనవడు ఆ పెళ్ళివంటల కథ చెప్పి, దానివల్లే సెట్టుకి ఇంకా విలువ పెరిగిందని వాదించాడు. గంటసేపు నడిచింది. చివరికి ఆయన కొంచెం దిగి, ‘సరేనండీ, మీ మాటే. కొసరుగా ఆ గల్లాపెట్టె కూడా ఇప్పించండి’ అన్నాడు. కొసరు ప్యాకెట్లతోపాటే పోయిందనీ, పెట్టెకి రేటు వేరే అనీ మనవడు చెప్పాడు. బేరం ఇంకా తెగలేదు.